మరల నీటిలోనికి

నలువదియారేండ్ల వయసున నేను ఈత నేర్చుకొనుచున్నానని విని మా పదవ తరగతి బాలురు నవ్విరి. నిజమునకు నేర్చుకొనుట కాదు. పోగొట్టుకొన్న దానిని వెదకికొనుట. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ప్రతి సాయంకాలమును గోదావరిలో ఈదుచుంటిని. మంచి ఈతగాడనని పేరు కూడ నుండెను. పిమ్మట ఉద్యోగము, వివాహము, బిడ్డలు, దిద్దవలసిన పరీక్షపత్రముల కట్టలు ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. భీమునిపట్నమున సముద్రపు మ్రోత వినుచునే పదునెనిమిదేండ్లు నీట దిగనైతిని. తరగతిలో మాత్రము గోదావరి కథలు చెప్పుట మానలేదు.

గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము గోస్తనీనది సముద్రమున గలియు తావున ఇసుకపై నడచుచుంటిని. మోకాటిలోతు నీట ఆడుకొనుచున్న బాలుడొకడు రెప్పపాటున లోనికి కొట్టుకొనిపోయెను. నేను చొక్కా విప్పి పరుగెత్తితిని. నడుములోతునకు వచ్చునప్పటికే ఊపిరి చాలలేదు. ఒక అల నన్ను పడద్రోసెను. రెండవది ఇసుక మ్రింగించెను. అంతలో ఒడ్డున వల బాగుచేసికొనుచున్న జాలరి యొకడు నా ప్రక్కనుండి దూకి, బాలుని చేరి, లాగు నీటికి అడ్డముగా ఈదుచు చాల దూరమున ఒడ్డెక్కెను. బాలుడు బ్రదికెను. ఆ జాలరి రొప్పుచున్న నన్ను చూచి, "మేష్టరుగోరూ, తమరికి ఈతొచ్చని పిల్లలు సెప్తారే!" అనెను. అందులో ఎగతాళి లేదు, ఆశ్చర్యమే. ఎగతాళియైనచో మరచిపోయియుందును.

సముద్రము అభ్యాసమునకు తగిన చోటు కాదు. కావున జూను మాసమునుండి వారమునకు రెండు దినములు బస్సెక్కి, సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న విశాఖపట్టణమునకు, అచ్చటి ఈతకొలనునకు పోవుచున్నాను. మొదటి దినమున కొలను నిడివిలో సగముననే అంచు పట్టుకొని వ్రేలాడితిని. వింత యేమన, చేతులును కాళ్లును ఏమియు మరువలేదు. ఒకసారి చక్కగా కుదిరిన ఈత మెదడులో చిరకాలము నిలుచును. గుండెయు నెత్తురును అట్లు కావు. అభ్యాసము మానిన కొలది వారములకే వాని శక్తి తగ్గనారంభించును. నా చేతులు ఇరువదేండ్లవాని చేతులవలె బయలుదేరినవి. నా గుండె మాత్రము తన వయసు దాచుకొనలేదు.

అచ్చట నేర్పు యువకుడు నా శిష్యులలో నొకని వయసువాడు. "గాలి బిగబట్టకండి సార్, నీళ్లలోనే వదిలేయండి" అని పదిసారులు చెప్పెను. ఊపిరాడని బాధ ప్రాణవాయువు లేకపోవుటచేత కలుగుననుకొంటిని. మొదట మనలను తొందరపెట్టునది లోపల పేరుకొన్న బొగ్గుపులుసు వాయువు. దానిని నీటిలోనే మెల్లగా వదలినగాని క్రొత్తగాలికి చోటుండదు. తల యెత్తినకొలది కాళ్లు మునుగునని కూడ అతడే చూపెను. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు చిక్కనిది. వేగము రెండింతలైనచో అది పెట్టు అడ్డు ఇంచుమించు నాలుగింతలగును. బలముతో గెలువజూచిన వానికి అలసటయే లాభము. ఈ లెక్క నేనే తరగతిలో చెప్పదగినది!

చెప్పదగినవాడనే, వినలేదు. మూడవవారమున ప్రక్క వరుసలోని కుర్రవానితో పందెము వేసికొన్నట్లు ఈదితిని. మరునాడు కుడిభుజము పైకి లేవలేదు. పదిదినములు నల్లబల్ల క్రింది సగముననే లెక్కలు వ్రాసితిని. వెనుకబల్లలవారు లేచి నిలుచుండి చూచిరి. ఇంటియందు నా భార్య ఆముదము కాచి రాయుచు ఒక్కమాటయు ననలేదు. అదియే ఎక్కువ బాధించెను.

ఆ దినములలోనే సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారిని గూర్చి చదివితిని. ఆమె 2021లో పాక్ జలసంధిని ఈదెను. 2024 డిసెంబరు కడపట విశాఖపట్టణమున నీట దిగి, 52 ఏండ్ల వయసున, దినదినమును కొంత దూరము చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదట కాకినాడ తీరము చేరెను. నాకు 150 కిలోమీటర్లు వలదు. అరువది అడుగులు చాలును. అయినను ఆ వార్త చదివిన రాత్రి భుజము నొప్పి కొంత తగ్గినట్లు తోచెను.

డిసెంబరునకు ఆగకుండ 400 మీటర్లు పోగలిగితిని. సముద్రము నెమ్మదించిన జనవరిలో ఆ జాలరిని వెదకి, నా కోరిక చెప్పితిని. అతడు ముందుగా నీరు చూడ నేర్పెను. అలలు విరుగక, నడుమ నునుపుగా, ఇసుక కలసి మబ్బుగా నున్న చారయే లోనికి లాగునది. తెలియనివారు అదియే నెమ్మదిగా నున్నదని అచ్చటనే దిగుదురు. అందు చిక్కినవాడు ఒడ్డువైపు పెనగులాడరాదు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది బయటపడవలెను.

తరువాత లాగుడు లేనిచోట మేమిద్దరమును దిగితిమి. అరువది అడుగులు సుఖముగనే ఈది, గర్వముతో అతనివంక చూచితిని.

"ఒట్టిసేతుల్తో ఈదడం ఏరు, మనిసిని పట్టుకుని ఈదడం ఏరు బాబూ. నన్ను లాగండి" అని అతడు వెల్లకిల తేలి, ఒడలు వదలివేసెను. చంకలో చేయి వేసి లాగితిని. పది బారలకు నా పట్టు వదలెను. అతడు నవ్వుచు లేచి నిలుచుండెను. అచ్చట ఛాతిలోతే నీరు.

తరువాతి శనివారమున పదునాలుగు బారలు.