పూల్ పట్టణములోని పాత దీపము

గడచిన వేసవి సెలవులలో మేము ఇంగ్లండు దేశపు దక్షిణ తీరమున నున్న పూల్ అను రేవు పట్టణమునకు పోయి మూడు వారములు ఉండి వచ్చితిమి. ఆ పేరు వినగానే మాకు మన పూలతోటలు జ్ఞప్తికి వచ్చినవి గాని, ఆ భాషలో దాని అర్థము మడుగు అని మా వారు చెప్పిరి. మా పెద్దత్తగారు, అనగా మా వారి పెద్దతల్లి, ఏబది సంవత్సరములకు పైగా అచ్చటనే కాపురమున్నారు. పెదమామగారు వైద్యులు. 1971లో ఆ దేశపు ఆసుపత్రి కొలువునకై పోయి, అచ్చటనే కడతేరిరి. ఇప్పుడు పెద్దత్తగారు ఆ యిల్లు విడిచి, లీడ్సు నగరములోని కుమారుని యింట చేరబోవుచుండిరి. సామాను సర్దుటకు తోడుగా మమ్ము రమ్మనిరి.

లండనులోని వాటర్లూ స్టేషనులో రైలెక్కిన రెండు గంటలకు పూల్ చేరితిమి. ఆ రేవు ప్రపంచములోని మిక్కిలి పెద్ద సహజ నౌకాశ్రయములలో నొకటి. సముద్రము భూమిలోనికి చొచ్చుకొని వచ్చి, కెరటముల రొద లేక, మన కొల్లేటి వలె పరచుకొని యుండును. నడుమ బ్రౌన్సీ యను దీవి కలదు. 1907లో బేడెన్ పోవెల్ బాలురను చేర్చి మొట్టమొదటి స్కౌటు శిబిరము నడపినది ఆ దీవిలోనే. బడిపంతులుగారికి ఇంతకంటె పుణ్యక్షేత్రమేమి కావలయును? మా వారు పడవలో పోయి, ఆ నేలను చూచి, అచ్చటి ఎఱ్ఱ ఉడుతలను లెక్కించి వచ్చువరకు మాకు మరియొక మాట లేదు.

కాని, సోదరీమణులారా, ఈ వ్యాసము రేవును గూర్చి కాదు; ఆ యింట మేము చూచిన యొక దీపమును గూర్చి.

పారవేయవలసిన వస్తువుల కుప్పలో, పాత గొడుగులకును విరిగిన ఇస్త్రీపెట్టెకును నడుమ, ఒక పొడుగుపాటి గాజుసీసా లోహపు దిమ్మెపై నిలిచి కనబడెను. లోపల వెలసిపోయిన గడ్డినీటి వంటి ద్రవము. అడుగున పాలిపోయిన గులాబిరంగు మైనపు ముద్ద. "ఇదేమి అత్తయ్యగారూ?" యని అడిగితిమి.

"అది లావా దీపమమ్మా. మీ మామగారు రెండవ నెల జీతముతో కొన్నారు. ఇచ్చట చలికాలములో నాలుగు గంటలకే చీకటి పడును. ఆయనకేమో రాత్రి కొలువు. ఇంటిలో ఏదో యొకటి కదలుచుండిన నీకు ఒంటరిగా తోచదు అని తెచ్చిపెట్టిరి. ఇప్పుడు రంగు పోయినది. ఎవరికి కావలయును?" అని ఆమె మొగము అటు త్రిప్పుకొనిరి.

ఆ మాట మా మనస్సున నాటెను. ఆ దీపపు పుట్టినిల్లును ఆ పట్టణమే యని తెలిసినప్పుడు మాకు మరింత ఆశ్చర్యము కలిగెను. యుద్ధకాలమున విమానము నడపిన ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ అను నాతడు ఒక పల్లెటూరి పానశాలలో, గ్రుడ్డు ఉడుకు వేళను తెలుపుటకు ఎవరో చేసిన చిత్రమైన సాధనమును చూచెనట. ద్రవములో మైనము కరగి పైకి లేచిన, గ్రుడ్డు ఉడికినదని గుర్తు. దానిని చూచి యాతడు ఏండ్లకొలది పరిశ్రమించి, నారింజ పానకపు సీసాలలో పరీక్షలు చేసి, 1963లో 'ఆస్ట్రో' యను దీపమును వెలువరించెను. ఆయన నెలకొల్పిన క్రెస్ట్‌వర్త్ సంస్థయే 1992 నుండి మాత్‌మోస్ అను పేర, ఆ పూల్ పట్టణముననే నడచుచున్నది. వాకర్ 2000లో మృతి నొందెను.

దీని మర్మము సులభము. సీసా క్రింద చిన్న విద్యుద్దీపముండును. చల్లగా నున్నప్పుడు మైనము చుట్టునున్న ద్రవముకంటె రవంత బరువు గనుక అడుగుననే యుండును. వేడి తగులగానే కరగి, వ్యాకోచించి, తేలికయై బుడగ వలె పైకి లేచును. పైన చల్లారి మరల దిగును. అడుగున నున్న తీగచుట్ట, దిగివచ్చిన బొట్లను కలిపి తిరిగి యొక ముద్దగా చేయును. క్షీరసాగరమథనమును బల్లమీద చూచినట్లుండును. తేడా యేమనగా, ఇచ్చట దేవతలును లేరు, రాక్షసులును లేరు, తొందరయు లేదు. దీపము వెలిగించిన పిమ్మట మైనము కదలుటకే కొన్ని గంటలు పట్టును.

మరి రంగు ఏల పోయెను? పెద్దత్తగారు దానిని దక్షిణపు కిటికీలో ముప్పది యేండ్లు ఉంచిరి. ద్రవములోని రంగును మైనములోని రంగును ఎండకు ఓర్వవు. మన పట్టుచీర మడత పైభాగము వెలిసి, లోపలిభాగము నిలిచియుండుట మనమెరుగుదుము గదా! సీసాలో మడతలు లేవు. నీరంతయు తిరుగుచుండును గనుక అంతయు ఒకే తీరున వెలిసిపోవును.

ఆ వీధి చివర పాత విద్యుత్పరికరములు బాగుచేయు వృద్ధుడొకడు ఉండెను. మా వారు దీపమును ఆయనకు చూపిరి. ఆయన ముందుగా తీగను వంచి చూచి, పైతొడుగు బీటలు వారినదనియు, ఈ స్థితిలో వెలిగించుట ప్రాణాపాయమనియు చెప్పి, తీగను మీటను మార్చెను. దిమ్మెను గరుకుపొడితో తోమక, సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచెను. గట్టిగా తోమిన లోహముమీది పూత లేచిపోవునట. సీసామూతను తీయుమని మేము కోరగా మాత్రము తల యూపెను. కొందరు పాతనీరు వంపి, బట్టీపట్టిన నీరు పోసి, ఉప్పుతో బరువు సరిచేసి, కొత్త రంగు కలుపుదురట. కాని పాత సీసాలో నేమున్నదో పైకి తెలియదు. 1968లో అమెరికాలో నమోదైన పేటెంటులో కార్బన్ టెట్రాక్లోరైడు అను ద్రవ్యము పేర్కొనబడినది. అది కాలేయమునకు చేటు. "ఇది వంటింటి పని కాదు. దిమ్మె నిలుపుకొనుడు, దాని కొలతకు సరిపడు కొత్త సీసా ఈ ఊరిలోనే దొరకును" అని యాతడు చెప్పెను.

అప్పుడు రెండు చిక్కులు వచ్చినవి. మొదటిది రంగు. అసలు రంగేదో చూతమని పాత ఛాయాచిత్రమును తీసితిమి. దీపము ప్రక్క పెదమామగారు నవ్వుచు నిలిచియున్నారు. కాని ఆ చిత్రమే వెలిసి, ఆయన చొక్కాయు గోడయు దీపమును అన్నియు ఒకే ఎఱ్ఱజీరగా మారినవి. పెద్దత్తగారు కన్నులు మూసుకొని కొంతసేపు ఊరకుండి, "పసుపునీటిలో ఎఱ్ఱమైనము. సాయంకాలపు మబ్బు వలె ఉండునని ఆయన అనెడివారు" అనిరి.

రెండవ చిక్కు ఇంకను పెద్దది. "ఒరే నాయనా, సీసా మార్చిన పిమ్మట అది ఆయన తెచ్చిన దీపమగునా?" అని ఆమె మా వారిని అడిగిరి. మా వారు వెంటనే బదులు చెప్పలేకపోయిరి. మాకు చిన్ననాట తాతగారు చెప్పిన మిళింద ప్రశ్నలలోని మాట జ్ఞప్తికి వచ్చెను. నాగసేనుడను భిక్షువు రాజును అడిగెనట: రాత్రి మొదటిజామున వెలిగిన దీపశిఖయు, కడపటిజామున వెలిగిన శిఖయు ఒకటేనా? ఒకటి కాదు, వేరును కాదు. దీపము మాత్రము రాత్రియంతయు వెలిగినది. ఈ సంగతి చెప్పగా ఆమె చాలసేపు ఆలోచించి, "అయిన తెమ్ము. పాతసీసాను మాత్రము పారవేయవద్దు" అనిరి.

కొత్తసీసా వచ్చిన సాయంకాలము ఆమె ముందు దేవునియెదుట నూనెదీపము పెట్టి, పిమ్మట దీని మీట నొక్కిరి. మూడు గంటలు గడచెను. మేము భోజనములు ముగించి, గిన్నెలు తుడుచుచుండగా, "అమ్మాయీ, రా!" అని కేక వినబడెను. ఎఱ్ఱని ముద్ద యొకటి మెడ సాచి, తెగి, మెల్లగా పైకి లేచుచుండెను. పెద్దత్తగారు రెండు చేతులు ఒడిలో పెట్టుకొని చూచుచుండిరి. మేమెవ్వరమును మాటాడలేదు.

ఇట్టి దీపము మీ యింటనో, మీ బంధువుల యింటనో యున్నచో ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. ఎండ తగులుచోట పెట్టరాదు. వేడిగా నున్నప్పుడు కదపరాదు, ఊపరాదు. ఊపిన ద్రవము మబ్బుపట్టును. తగినదానికంటె పెద్ద బల్బు వేయరాదు. అన్నింటికంటె ముఖ్యముగా, త్వరగా కరగునని పొయ్యిమీద పెట్టరాదు. 2004లో అమెరికాలో ఒక యువకుడు అట్లు చేయగా, సీసా పగిలి ప్రాణమే పోయినది.

మేము తిరిగి వచ్చిన నెలకు లీడ్సునుండి ఉత్తరము వచ్చెను. ఇద్దరు మనుమలు పండుకొనబోవు ముందు ఆ దీపము చెంత కూర్చుండుచున్నారట. "ఇది ఎవరిది నాన్నమ్మా?" అని చిన్నవాడు అడిగెనట. "మీ తాతగారిది అని చెప్పితిని. ఆ మాట నోట రాగానే నా సందేహము తీరినది" అని పెద్దత్తగారు వ్రాసిరి. పాతసీసా ఆమె బీరువాలో, పట్టుచీరల మడతల నడుమ, ఎండ సోకకుండ భద్రముగా నున్నదట.