పగ్గాలు వదిలేస్తేనే... పాఠం!

ఎగిరి కింద పడేసే గుర్రాన్ని, కరవడానికి వచ్చే గుర్రాన్ని, గేటు దాటి అడుగెయ్యనని మొరాయించే గుర్రాన్ని దారికి తేవాలంటే ఏం చేయాలి? 'నాలుగు తగిలిస్తే సరి' అంటాం మనం. తరతరాలుగా గుర్రాలతోనే బతికిన టెక్సాస్ కౌబాయ్‌లూ ఒకప్పుడు అదే మాట అనేవారు. ఇప్పుడు వాళ్లలో చాలామంది 'ముందు నీ చెయ్యి దించు' అంటున్నారు!

డిసెంబరులో ఓ సాయంత్రం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఫోర్ట్‌వర్త్ నగరం. విల్ రోజర్స్ కొలీజియం నిండా జనం. మధ్యలో దుక్కి దున్నిన పొలంలా మెత్తటి మట్టి. ఓ చివర దూడల మంద. పెద్ద టోపీ పెట్టుకున్న రౌతుతో ఓ గుర్రం చప్పుడు చేయకుండా ఆ మందలోకి నడిచింది. దూడలు బెదరలేదు. కాస్త పక్కకు జరిగి దారిచ్చాయంతే. వాటిలోంచి ఒక్కదాన్ని మెల్లగా మైదానం మధ్యకు తోలుకొచ్చింది గుర్రం. అప్పుడు రౌతు ఓ చిత్రమైన పని చేశాడు. పగ్గాలు పట్టుకున్న చేతిని గుర్రం మెడ మీదికి దించేశాడు!

ఇక ఆటంతా గుర్రానిదీ దూడదీ. దూడ కుడికి ఉరికితే గుర్రం కుడికి. ఎడమకు తిరిగితే ఎడమకు. ముందుకాళ్లు చాపి, పొట్ట నేలకు తగులుతుందేమో అన్నంతగా వంగి మరీ అడ్డుకుంటోంది. కూతకొచ్చినవాణ్ని గీత దాటనివ్వని కబడ్డీ ఆటగాడు గుర్తొచ్చాడు నాకు. పైనున్న మనిషి జీను కొమ్ము పట్టుకుని ఊగుతున్నాడే తప్ప దారి చూపించడం లేదు. పగ్గాలు లాగాడా, మార్కులు కోసేస్తారు!

దీన్నే 'కటింగ్' పోటీ అంటారు. ఒక్కొక్కరికి ఇచ్చేది రెండున్నర నిమిషాలు. దూడ తప్పించుకుని మందలో కలిసిపోతే అయిదు మార్కులు పోయినట్టే. ఇక్కడ ఏటా జరిగే 'ఫ్యూచురిటీ'లో పాల్గొనేవన్నీ అంతకుముందు ఏ పోటీలోనూ దిగని మూడేళ్ల గుర్రాలు. గెలిస్తే బహుమతి లక్షల డాలర్లలో ఉంటుంది.

ఆవుల ఊళ్లో...

ఫోర్ట్‌వర్త్‌ను ఇప్పటికీ ముద్దుగా 'కౌటౌన్' అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్ పశువుల మందల్ని ఉత్తరాదికి తోలుకెళ్లే దారిలో ఇదో ముఖ్యమైన మజిలీ. ఆ జ్ఞాపకాన్ని చూడాలంటే స్టాక్‌యార్డ్స్ అనే పాత సంతపేటకు వెళ్లాలి. ఉదయం పదకొండున్నరకోసారి, సాయంత్రం నాలుగింటికోసారి పొడవాటి కొమ్ముల లాంగ్‌హార్న్ పశువుల్ని కౌబాయ్‌లు గుర్రాల మీద కాస్తూ ఇటుకల రోడ్డు మీదుగా తోలుకెళతారు. 1999లో మొదలైన ఈ ముచ్చటకు టిక్కెట్టేమీ లేదు. పిల్లల్ని భుజాలకెత్తుకుని రోడ్డు పక్కన నిలబడితే చాలు.

కటింగ్ పుట్టింది కూడా ఆ పశువుల పనిలోంచే. కంచెల్లేని మైదానాల్లో అందరి ఆవులూ కలిసి మేసేవి. జబ్బుపడ్డదాన్నో, ముద్ర వేయాల్సినదాన్నో వేరుచేయాలంటే మందలోకి వెళ్లే గుర్రం ఉండాలి. అది నెమ్మదిగా మసలాలి. మంద చెదిరితే రోజంతా వృథా. అలాంటి గుర్రాన్ని కౌబాయ్ ప్రాణంగా చూసుకునేవాడు. 1898లో హాస్కెల్ అనే ఊళ్లో జరిగిన పోటీలో హబ్ అనే గుర్రం గెలిచిన కథ ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి దాని వయసు ఇరవై రెండేళ్లు. మన లెక్కలో పండు ముసలి! బహుమతి 150 డాలర్లు.

ఆ తర్వాత 1940లో క్వార్టర్ హార్స్ జాతి కోసం ఓ సంఘం పుట్టింది. పావుమైలు పరుగులో మెరుపులా దూసుకెళుతుంది కాబట్టి ఆ జాతికి ఆ పేరు. 1946లో కటింగ్ గుర్రాల సంఘం, 1962లో స్వీట్‌వాటర్‌లో మొదటి ఫ్యూచురిటీ. అలా పొలం పని కాస్తా పోటీ అయింది.

గేటు దగ్గర మొండికేసింది

మా పిన్ని కొడుకు ఉండేది డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊరది. అక్కణ్నుంచి ఇంకొంచెం ఉత్తరానికి, డెంటన్ కౌంటీలోకి వెళితే దారికి అటూ ఇటూ గుర్రాల క్షేత్రాలే. పదేళ్ల మా మేనకోడలు శనివారం శనివారం గుర్రపుస్వారీ నేర్చుకునేది అక్కడే. ఆ శనివారం నేనూ వెళ్లాను.

పాపకు ఇచ్చిన ఎర్రగోధుమ రంగు గుర్రం ఒకప్పుడు 'రైనింగ్' పోటీలు చూసినదే. రైనింగ్‌లో దూడలుండవు. గుర్రం దౌడు తీస్తూ తీస్తూ మాట వినగానే వెనక కాళ్ల మీద కూలబడి మట్టిలో జర్రున జారుతూ ఆగాలి. ఉన్నచోటే బొంగరంలా తిరగాలి. అంత చదువు చదివిన గుర్రం, మా పాప ఎక్కగానే నేరుగా గేటు దగ్గరికెళ్లి నిలబడిపోయింది. మడమలతో తట్టినా కదల్లేదు. పగ్గం లాగితే తల విదిలించింది.

''అది నా మాట వినదత్తా, మొండిది'' అంది పాప, కళ్లనిండా నీళ్లతో.

''చిన్న కర్రేదైనా ఇవ్వొచ్చుగా అక్కా'' అని నా చెవిలో గొణిగాడు తమ్ముడు.

నేర్పే ఆవిడ యాభై దాటిన మనిషి. కర్ర ఇవ్వలేదు, గుర్రాన్ని గేటు దగ్గర్నుంచి లాగమనీ అనలేదు. 'దానికి అక్కడే ఉండాలనుంటే ఉండనీ. కానీ ఊరికే ఉండనివ్వకు' అంది. గేటు ముందే గుండ్రంగా తిప్పించింది. ఒకటి, రెండు, పది చుట్లు. గుర్రానికి ఆయాసం మొదలైంది. అప్పుడు నడిపించుకుంటూ దూరంగా ఉన్న మూలకు తీసుకెళ్లమంది. అక్కడ పగ్గాలు పూర్తిగా వదిలేసి మెడ నిమరమంది. రెండు నిమిషాల విశ్రాంతి. మళ్లీ కదలగానే గుర్రం గేటుకేసి మళ్లింది. సరే, అక్కడ మళ్లీ చుట్లు. నాలుగోసారికి గుర్రం తనంతట తానే దూరంగా ఉన్న మూలకు నడిచింది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టిందేమో.

అంతకన్నా ఆసక్తికరమైంది ఆవిడ ఆ తర్వాత చెప్పిన మాట. పాఠం అయిపోగానే పాప రోజూ దిగేది ఎక్కడ? గేటు దగ్గరే. జీను విప్పేది, దాణా పెట్టడానికి తీసుకెళ్లేదీ అక్కణ్నుంచే. 'గేటు దగ్గరికెళితే పని అయిపోతుంది' అని గుర్రానికి నేర్పింది మనమే. మనం నేర్పినదాన్ని బుద్ధిగా నేర్చుకున్నందుకు దాన్ని కొట్టడం న్యాయమా?

వదలడంలోనే ఉంది

గుర్రానికి పాఠం చెప్పేది కళ్లెం లాగడం కాదు, వదలడం అంటారు ఇక్కడి శిక్షకులు. పగ్గం కొద్దిగా లాగితే గుర్రానికి ఇబ్బంది. ఆ ఇబ్బంది పోవడానికి ఏదో ఒకటి చేసి చూస్తుంది. మూతిని అంగుళం ఇటు తిప్పిందనుకోండి, అదే క్షణంలో పగ్గం వదలాలి. 'ఓహో, ఇలా తిరిగితే హాయి' అని దానికి అర్థమవుతుంది. నాలుగు క్షణాలు ఆలస్యమైతే దేనికి వదిలారో దానికి తెలియదు. తల విదిలించినప్పుడు భయపడి వదిలామా... విదిలించడమే నేర్చుకుంటుంది! చెడ్డ అలవాట్లలో చాలావరకు ఇలా పుట్టినవే.

దీని వెనక గుర్రం స్వభావం ఉంది. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యేది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనక, ముక్కు ముందు మాత్రం కనిపించదు. చప్పుడు చేయకుండా వెనక నుంచి వెళితే తన్నేది అందుకే. అది పొగరు కాదు, భయం. భయపడ్డ గుర్రాన్ని కొడితే, తను భయపడింది నిజమేనని రుజువు చేసినట్టే.

పాతకాలం కౌబాయ్‌లకు ఇదంతా పట్టలేదు. కొత్త గుర్రాన్ని తాళ్లతో బంధించి, కళ్లకు గంతలు కట్టి, జీను వేసి ఎక్కేవాళ్లు. ఎగిరి ఎగిరి ఇక ఎగరలేక అది ఆగిపోయేదాకా దిగేవాళ్లు కాదు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరే 'బ్రేకింగ్'. అంటే విరగ్గొట్టడం! అయితే మరోపక్క మెక్సికో నుంచి వచ్చిన వాకెరో కాపరుల సంప్రదాయం ఉండేది. వాళ్లు నోట్లో ఇనుము పెట్టకుండా ముక్కు మీద పట్టీతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఓపిగ్గా తీర్చిదిద్దేవారు. పశ్చిమ రాష్ట్రాల్లో పశువుల మధ్య పెరిగిన టామ్ డొరెన్స్, బిల్ డొరెన్స్ అన్నదమ్ములు ఆ ఓపికకు మరింత పదును పెట్టారు. టామ్ దగ్గర నేర్చుకున్న రే హంట్ 1970ల నుంచి ఊరూరా తిరిగి శిబిరాలు పెట్టాడు. తప్పు చేయడం కష్టంగా, ఒప్పు చేయడం తేలిగ్గా ఉండేలా చూడాలన్నది ఆయన బోధించిన సూత్రం. గేటు దగ్గర నేను చూసింది అచ్చంగా అదే! హంట్ శిష్యుడు బక్ బ్రానమన్ చిన్నతనంలో తండ్రి చేతిలో చావుదెబ్బలు తిని పెరిగినవాడు. ఆయన జీవితం మీద 2011లో 'బక్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. దెబ్బ రుచి తెలిసినవాడు గుర్రాన్ని కొట్టకుండా మాట వినిపించడం నేర్పుతున్నాడు.

అలాగని అంతా మారిపోయిందని కాదు. బహుమతి సొమ్ము పెద్దది, గడువు చిన్నది. గుర్రం వెన్నెముక పూర్తిగా ముదిరేది అయిదేళ్లు దాటాకే. పోటీ మాత్రం మూడేళ్లకే. అందుకోసం రెండేళ్లకే జీను వేస్తారు. దీనిమీద విమర్శలు ఎప్పటినుంచో ఉన్నాయి.

అల్లరా? నొప్పా?

మంచి శిక్షకులు చెడ్డ గుర్రాన్ని చూడగానే మొదట అడిగేది 'ఎక్కడైనా నొప్పి ఉందా?' అని. పళ్లు అరిగి అంచులు కోసుకుపోతున్నా, జీను వెన్నుకు ఒరుసుకుంటున్నా, గిట్టలో బాధ ఉన్నా గుర్రం చెప్పుకోలేదు. చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం, నోరు తెరవడం, అడుగు తడబడటం... దాని భాష అదే. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం ఇలాంటి 24 గుర్తులతో 2018లో ఓ పట్టిక తయారుచేసింది. స్వారీ చేస్తున్నప్పుడు వాటిలో ఎనిమిదో, అంతకన్నా ఎక్కువో కనిపిస్తే నొప్పి ఉండొచ్చని అనుమానించాలి. అల్లరి అనుకుని కొట్టిన దెబ్బల్లో ఎన్ని నొప్పి మీద పడ్డాయో!

ఈ తేడా తెలియకపోతే నష్టం గుర్రానికే. తన్నే గుర్రాన్ని, పడేసే గుర్రాన్ని ఎవరూ ఉంచుకోరు. చేతులు మారి మారి చివరికి సంతకు చేరుతుంది. కూడలిలో అంత వైభవంగా గుర్రాల పండగ చేసుకునే ఇదే ఫోర్ట్‌వర్త్‌లో 2007 దాకా గుర్రాల కబేళా ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. ఆ ఏడాది అమెరికాలో మిగిలిన కబేళాలన్నీ మూతపడ్డాక, అక్కర్లేని గుర్రాల్ని లారీలెక్కించి మెక్సికోకు, కెనడాకు తరలించడం బాగా పెరిగింది. ఒక చెడ్డ అలవాటును సరిదిద్దడమంటే ఒక్కోసారి ఓ ప్రాణాన్ని ఆ లారీ ఎక్కకుండా ఆపడమే.

చిత్రంగా, అదే 2007లో అదే నగరం మరో దృశ్యాన్నీ చూసింది. ప్రభుత్వ భూముల్లో పట్టుకొచ్చిన అడవి గుర్రాలు ముస్టాంగులు. మనిషి చెయ్యి తగలనివి. శిక్షకులు వాటిని వంద రోజులపాటు మచ్చిక చేసి 'మస్టాంగ్ మేకోవర్' పోటీకి తీసుకొచ్చారు. ఎవరికీ అక్కర్లేదనుకున్న ఆ గుర్రాల్ని వేలంలో పెంచుకోవడానికి తీసుకెళ్లారు జనం.

'దండం దశగుణం' అని విని పెరిగినవాళ్లం మనం. కారులో తిరిగొస్తుంటే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ''నేనైతే కర్రే ఇచ్చేవాణ్నక్కా'' అన్నాడు చివరికి.

ఆ రోజు పాఠం ముగిసింది గేటు దగ్గర కాదు, దూరంగా ఉన్న ఆ మూల. పాప అక్కడే దిగింది. జీను పట్టీ వదులు చేసి, మెడ నిమిరి, గేటు దాకా గుర్రం పక్కనే నడిచి వచ్చింది. ఇద్దరి మధ్యా పగ్గం వదులుగా వేలాడుతోంది.