తేరి ఇసుకలో ముళ్ళెలి

సెలవు ప్రయాణ రాయితీపై 2018 డిసెంబరులో మేము సకుటుంబంగా తిరుచెందూరు వెళ్ళాము. సముద్రతీరాన వెలసిన సుబ్రహ్మణ్యస్వామిని దర్శించుకున్న పిమ్మట, సమీపంలోని కుదిరైమొళి తేరి చూడవలసిందేనని మా అమ్మాయి పట్టుబట్టింది. అటు వెళ్ళేవారిలో చాలామంది గుడి చూసి, ఉడన్‌గుడి తాటిబెల్లం కొనుక్కుని తిరుగుముఖం పడతారు. ఆ ఎర్ర ఇసుక దిబ్బలను చూడకుండా రావడం పెద్ద లోటని నా అభిప్రాయం. కుంకుమ ఆరబోసినట్లు కనుచూపు మేర ఇసుక. నడుమ నడుమ తాటిచెట్లు, జీడిమామిడి తోటలు. గాలి వీచినప్పుడల్లా మన అడుగుజాడలు మన కళ్ళముందే మాసిపోతాయి.

సాయంత్రం నాలుగు గంటల వేళ కారు నడుపుతున్న పెద్దాయన హఠాత్తుగా బండి ఆపాడు. ఆ ప్రాంతపు మర్యాదను అనుసరించి ఆయనను 'అణ్ణాచ్చి' అని పిలుస్తున్నాము. పూర్వీకులు కోవిల్‌పట్టి వైపు తెలుగువారు కావడంతో ఆయన మాతో తెలుగే మాట్లాడేవాడు. దారి పక్కన ముళ్ళబంతి వంటి చిన్న జీవి తూలుతూ నడుస్తోంది. "ముళ్ళెలి!" అన్నాడాయన, నిధి దొరికినంత సంబరంగా.

'ఎలి' అంటే తమిళంలో ఎలుక. కాని ఇది ఎలుక కాదు, చుంచుకు దూరపు చుట్టం. పురుగులు, చెదలు దీని ఆహారం. మన ఏదుపంది వేరు. చిత్రమేమంటే, పేరులో 'పంది' ఉన్న ఆ జంతువే నిజానికి ఎలుకల కోవకు చెందినది! ముళ్ళెలిని ఇంగ్లీషులో మద్రాస్ హెడ్జ్‌హాగ్ అంటారు. 1851లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి పేరు పెట్టాడు. మన దేశంలోని మూడు హెడ్జ్‌హాగ్ జాతులలో దక్షిణాదికి పరిమితమైనది ఇదొక్కటే.

అణ్ణాచ్చి సంబరానికి కారణం వేరు. మనవడికి పది రోజులుగా దగ్గు. ముళ్ళెలి ముళ్ళను కాల్చి, ఆ మసిని తేనెలో రంగరించి నాకిస్తే దగ్గు పోతుందని అక్కడి నమ్మకం. ఆ ముళ్ళు మన గోళ్ళలో, వెంట్రుకలలో ఉండే కెరటినే తప్ప మరేమీ కాదు. ఆ మసికోసం ఎన్ని ప్రాణులు పోయాయో!

మా అమ్మాయి తిరుపతిలో పశువైద్యం చదువుతోంది. రాత్రివేళ తిరిగే ప్రాణి పట్టపగలు తూలుతూ కనిపించిందంటే జబ్బుపడిందన్నమాటేనని, దానిని తువ్వాలులో జాగ్రత్తగా ఎత్తింది. చెవుల వెనుక పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. పొట్ట చల్లగా ఉంది. నేను జాలిపడి ఫ్లాస్కులోని పాలు మూతలో పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నగారూ, పాలు దీనికి అరగవు. విరేచనాలు పట్టుకుంటే ఉన్న కాస్త ఓపికా పోతుంది." ఇంగ్లండులో ఒకప్పుడు తోటలలోకి వచ్చే హెడ్జ్‌హాగులకు దయతో పాలు, రొట్టె పెట్టి ఇటువంటి కీడే చేసేవారట. అట్టపెట్టెలో కాగితాలు పరచి, వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ఒక మూల పెట్టింది. వేడి ఎక్కువైతే జరగడానికి ఎడం ఉంచింది. పిడుదులు పీకవద్దని, వైద్యుడే తీయాలని చెప్పింది. లోతులేని మూతలో మంచినీళ్ళు పెట్టింది.

"ఇంటికి తీసుకుపోదామా?" అన్నాడు మా చిన్నవాడు. అమెరికాలో ఆఫ్రికా జాతి హెడ్జ్‌హాగులను పెంచుతారని వాడు ఎక్కడో చూశాడు. ఆ పెంపుడు ప్రాణులకు కూడా స్థూలకాయం, నడక తడబడే నరాల జబ్బు వస్తుంటాయి. ఇక్కడనైతే అడవి జీవిని ఇంట ఉంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అటవీశాఖవారికి అప్పగించాలన్నాను.

అణ్ణాచ్చి ముఖం చిన్నబోయింది. "ఈ ఎలి మీద ఉన్న దయ నా మనవడి మీద లేదా, సార్?" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. మా ఆవిడే, "ముందు బాబును ఆసుపత్రికి తీసుకువెడదాం, అన్నగారూ. ఈ కారులోనే" అంది.

ఆ రాత్రి తిరుచెందూరులో బాబును డాక్టరుకు చూపించి, పెట్టెను అటవీ సిబ్బందికి అప్పగించి, బసకు చేరేసరికి పది దాటింది. మరునాడు చూడాలనుకున్న మణప్పాడు చర్చి చూడనేలేదు.

వారం తరువాత అణ్ణాచ్చి ఫోను చేశాడు. పిడుదులు తీయించి, ముళ్ళెలి తేరుకున్నాక మళ్ళీ తేరిలోనే వదిలారట. బాబుకు దగ్గు తగ్గిందా అని అడిగాను. మందులతో తగ్గిందన్నాడు. వాళ్ళ నాయనమ్మ మాత్రం అది మురుగన్ చలవేనంటోందట.