నవగ్రహ దోషం, రిజిస్ట్రీ దోషం

జాతకం చూపించుకోవడం మానేసి నలభై ఏళ్ళు దాటిన మా మాస్టారొకరు, కంప్యూటర్‌కి మాత్రం ఏడాదికోసారి శాంతి చేయిస్తున్నారని ఈమధ్యే తెలిసింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. సంఘంలో నాకన్నా చాలా సీనియర్. నిప్పుల మీద నడవడంలో మహిమేమీ లేదని ఊళ్ళలో నడిచి చూపించినవాళ్ళలో ఒకరు. అలాంటి మనిషి కంప్యూటర్ తెరవగానే ఎర్ర అక్షరాలతో ఒక పెట్టె వచ్చింది: మీ సిస్టంలో వెయ్యి పైచిలుకు లోపాలున్నాయి, వెంటనే సరిచేయండి అని. "ఇదేమిటి మాస్టారూ?" అన్నాను. "రిజిస్ట్రీ పాడవుతూ ఉంటుందటయ్యా, ఇది శుభ్రం చేస్తుంది" అన్నారు. ఏడాదికి మూడువేల చిల్లర. మూడేళ్ళ నుంచీ కడుతున్నారు.

ఈ రిజిస్ట్రీ అంటే ఏమిటో చాలామందికి తెలియదు, తెలియకపోవడం తప్పూ కాదు. విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే పెద్ద ఖాతా పుస్తకం అది. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లు అందులో కొన్ని మిగిలిపోతాయి. బదిలీ అయిపోయిన ఉద్యోగి పేరు పాత లెడ్జర్‌లో ఉన్నట్టు. దానివల్ల ఈ నెల జీతాల బిల్లు ఆలస్యం కాదు కదా! విండోస్ ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటూ పోదు, కావలసిన పద్దు దగ్గరికి నేరుగా వెళ్తుంది. లక్షల పద్దుల్లో వెయ్యి పనికిరానివి ఉంటే వేగం తగ్గేదీ లేదు, తీసేస్తే పెరిగేదీ లేదు. పైగా పనికొచ్చే పద్దు ఒకటి పొరపాటున కొట్టేస్తే అసలుకే మోసం. ఇలాంటి రిజిస్ట్రీ క్లీనర్లు వాడటాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ పేజీలో రాసింది.

నాకు కొట్టొచ్చినట్టు కనబడింది వేరే సంగతి. దోషం కనిపెట్టేదీ, పరిహారం అమ్మేదీ ఒకరే. జ్యోతిష్కుడు జాతకం చూసి "అంతా బాగుంది, వెళ్ళిరండి" అంటే ఆయనకు మిగిలేది దక్షిణ మాత్రమే. కుజదోషం కనబడితే హోమం, ఉంగరం అన్నీ వస్తాయి. నేను ముప్పై ఏళ్ళకు పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేశాను. అక్కడ బిల్లు పెట్టేవాడు వేరు, పాస్ చేసేవాడు వేరు, తర్వాత ఆడిట్ చేసేవాడు ఇంకా వేరు. మనుషులంతా దొంగలని కాదు, తనకు లాభం వచ్చేచోట ఏ మనిషి కంటికైనా కావలసిందే కనబడుతుందని ఆ ఏర్పాటు.

మాస్టారితో వాదన అనవసరం, పరీక్ష చేద్దామన్నాను. కోవూర్ గారు 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు అడిగింది కూడా అంతే కదా, మోసానికి వీల్లేని పరిస్థితుల్లో చేసి చూపించమని. మా ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది. దాన్ని పూర్తిగా ఫార్మాట్ చేసి విండోస్ ఒక్కటే వేశాను. ఆఫీసు లేదు, ఆటలు లేవు, ఏమీ లేవు. పసిబిడ్డ అన్నమాట. మాస్టారి ఎదురుగానే ఆ క్లీనర్‌ని పెన్‌డ్రైవ్ మీద తెచ్చి అందులో ఎక్కించి స్కాన్ కొట్టాను. పసిబిడ్డకి మూడు వందలకు పైగా దోషాలు. అదే ఎర్ర అక్షరాలు, అదే "వెంటనే". తర్వాత లైసెన్సుతో అన్నీ శుభ్రం చేయించి, ముందూ వెనకా ఐదేసిసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేశాం. మాస్టారే చేతి గడియారం పట్టుకుని సెకన్లు రాశారు. రెండు వరసలూ కలిపేసి ఏది ముందుదో ఏది వెనకదో చెప్పమంటే చెప్పలేం, తేడా అంతే.

మాస్టారు కాగితం కాసేపు చూసి, "సరేగానీ, ఉంటే నష్టమేముందోయ్?" అన్నారు.

ఈ మాట మనందరికీ ఎంత పరిచయమో చెప్పక్కర్లేదు. వాస్తు కోసం వాకిలి మార్చినవాళ్ళు, పరీక్షకి ముందు తాయెత్తు కట్టించుకున్నవాళ్ళు, ఆఖరికి చెప్పేది ఇదే. ఈ ప్రశ్నకి ఎన్ని సభల్లో ఆయనే జవాబు చెప్పారో నాకు గుర్తుంది. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆయనకే గుర్తొచ్చి నవ్వేశారు.

ఇది ఎక్కడో ఒక చిన్న కంపెనీ చేసిన చిల్లర పని అనుకోకండి. అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల గొలుసు, సపోర్ట్.కామ్ అనే సంస్థ కలిసి ఏళ్ళ తరబడి కంప్యూటర్లకి ఉచితంగా 'ఆరోగ్య పరీక్ష' చేశాయి. పరీక్షకి ముందు నాలుగు ప్రశ్నలు: నెమ్మదిగా నడుస్తోందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, ఇలాంటివి. వాటిలో ఒక్కదానికి టిక్కు పెట్టినా చాలు, స్కాన్ ఏం చూసినా చూడకపోయినా, ప్రమాదకర ప్రోగ్రాముల లక్షణాలున్నాయని ఫలితం వచ్చేది. అంటే పేషెంటు చెప్పిందే డాక్టరు రిపోర్టు! అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 2019లో ఒకరు రెండున్నర కోట్ల డాలర్లు, రెండోవారు కోటి డాలర్లు కట్టి బయటపడ్డారు. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ కంపెనీల మీద ఇలాంటి ఆరోపణే వస్తే 2.6 కోట్ల డాలర్లకి ఒప్పుకున్నాయి. చిలక జోస్యం చెప్పేవాడి పంజరంలో కనీసం ఒక చిలక ఉంటుంది.

ఇక డబ్బు పోయే తీరు. మాస్టారు మొదటి ఏడాదే తెలిసి కట్టారు. మిగతా రెండేళ్ళూ కార్డు నుంచి అదే పోయింది. మన రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకి ఇరవైనాలుగు గంటల ముందు సందేశం పంపాలని నియమం పెట్టింది. ఓటీపీ మాత్రం మొదట ఐదువేలు, 2022 జూన్ నుంచి పదిహేనువేలు దాటితేనే. మూడువేలకి సందేశం వచ్చి ఊరుకుంటుంది. లాటరీలు, లోన్ల మెసేజిల మధ్య దాన్ని ఎవరు చూస్తారు? జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో మొట్టమొదటి సూత్రం ఒకటుంది. మామూలు తెలివిగల మనిషి సొంత డబ్బు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటాడో, ప్రభుత్వ సొమ్ము విషయంలో అధికారి అంత జాగ్రత్తగా ఉండాలట. నా అనుభవంలో ఇది తిరగబడింది. పది రూపాయల వౌచర్‌కి రసీదు లేదని ఫైలు వెనక్కి కొట్టిన మహానుభావులు, ఇంటి కార్డు స్టేట్‌మెంటు కవరు విప్పరు.

అయితే మరి అన్నీ ఫ్రీవి వాడుకుంటే సరిపోతుందా? ఇక్కడే మనవాళ్ళు రెండో గోతిలో పడతారు. ఇంగ్లీషు వాళ్ళకి ఫ్రీ అన్నది ఒకటే మాట గానీ, మనకి హాయిగా రెండున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. డబ్బు తీసుకోకపోవడం వేరు, లోపల ఏముందో చూసుకునే హక్కు ఇవ్వడం వేరు. అవాస్ట్ ఉచిత యాంటీవైరస్ కోట్లమంది వేసుకున్నారు. మీ వెనక ఎవరూ తిరగకుండా కాపాడతామని చెబుతూనే, వాడేవాళ్ళు ఏ పేజీలు చూశారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంది. 2020లో గుట్టు రట్టయి ఆ దుకాణం మూసేశారు. 2024లో కోటీ అరవై అయిదు లక్షల డాలర్ల జరిమానా. సీక్లీనర్ కథ ఇంకోరకం. 2017 ఆగస్టులో విడుదలైన ఒక వెర్షన్‌లోకి దొంగలు తమ సరుకు జొప్పించారు. కంపెనీ అసలు సంతకంతోనే, కంపెనీ అసలు సైటు నుంచే, దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్ళింది. శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న చీపురుకట్టలో తేలు.

ఎవరో పెన్‌డ్రైవ్ మీద ఇచ్చే 'క్రాక్' గురించి ఒక్క ముక్కే. అది ఉచితమూ కాదు, స్వేచ్ఛా కాదు. పేరూ ఊరూ తెలియనివాడికి మన ఇంటి తాళం చెవి ఇవ్వడం.

లోపల చూసుకోవచ్చు అన్నంత మాత్రాన ఎవరైనా చూస్తున్నారని కూడా కాదు లెండి. ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు పనిముట్టు ఉంది, లోకంలోని లినక్స్ సర్వర్లన్నిట్లోనూ దాదాపు ఉంటుంది. దాన్ని చూసుకునేది ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. సాయం చేస్తానంటూ చేరిన ఒకడు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానపడి తవ్వితే బయటపడింది. ఆ అర సెకనుని ఆయన వదిలేసి ఉంటే ఏమయ్యేదో! ఎవరైనా తవ్వి చూడటానికి వీలుండటం వల్ల అది దొరికింది నిజమే. పైసా ఇవ్వకుండా లోకమంతా వాడుకోవడం వల్ల అంతదూరం వచ్చిందన్నదీ నిజమే.

అందుకని నా పద్ధతి ఇది. కంప్యూటర్‌తో వచ్చినదాన్ని ముందు చూస్తాను. 2012లో విండోస్ 8 నుంచీ యాంటీవైరస్ లోపలే ఉంది, ఇంట్లో పెన్షన్ పనులకీ ఉత్తరాలకీ అది చాలు. ఫైళ్ళు కుదించడానికి ఇగోర్ పావ్లోవ్ 1999లో మొదలుపెట్టిన 7-జిప్ వాడతాను, రార్ ఫైళ్ళని కూడా విప్పుతుంది. విన్‌రార్ నలభై రోజుల తర్వాత కూడా గుర్తుచేస్తూనే పనిచేస్తుంది కనుక అది ఉచితమేనని చాలామంది అంటారు. ఉచితం కాదండీ, అప్పు. కావాలనుకుంటే కట్టేయాలి, లేదా మానేయాలి. 7-జిప్‌కి ఏడాదికోసారి కొంత విరాళం పంపుతున్నాను, మూడువేలు కాదు గానీ.

కొనేముందు ఇంకొక లెక్క కూడా వేస్తాను: దీన్ని వదిలి బయటికి రావాలంటే ఎంతవుతుంది? మా సంఘం కరపత్రాలు ఇరవై ఏళ్ళపాటు పాత డీటీపీ ఫాంటుల్లో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలూ లాటిన్ అక్షరాలూ. వెతకడానికి లేదు, ఫోనులో పంపడానికి లేదు. కొన్నప్పుడు బిల్లులో ఈ ఖర్చు కనబడలేదు. ఇప్పుడు రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంటులు సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. పాతవాటిని మాత్రం మార్చి, తప్పులు దిద్దుకుంటూ కూర్చున్నాం.

మళ్ళీ మాస్టారి దగ్గరికి వస్తే, ఆయన క్లీనర్ తీసేశారు, బ్యాంకులో ఆ మ్యాండేట్ రద్దు చేయించారు. ఆ తర్వాత రెండు నెలలకి ఇంకో ఆపద. ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. ఆవిడ ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో, ఫోల్డర్లకి ఊళ్ళ పేర్లు, ఫొటోలకి మనుషుల పేర్లు పెట్టి ఆవిడే సర్దిపెట్టారట. మనవడు సినిమా ఎక్కించుకుందామని దాన్ని ఫార్మాట్ చేశాడు. అదృష్టం, సినిమా ఎక్కించేలోపే తెలిసింది. దాని మీద ఇంకేమీ రాయొద్దని ఫోనులోనే చెప్పి వెళ్ళాను.

రెండు దారులు చూశాం. ఒకటి డబ్బు పుచ్చుకునే రికవరీ సాఫ్ట్‌వేర్, ధర ఏడువేల లోపు. డెమో ఉచితం. త్వరగా చేసే ఫార్మాట్ పైఅట్ట చింపుతుంది గానీ లోపలి ఫోల్డర్ల జాబితాలు చాలావరకు మిగిలే ఉంటాయి కనుక, ఆ డెమో పేర్లతో సహా ఫొటోలు చూపించింది. నాలుగైదు తెరిచి చూస్తే నిజంగానే తెరుచుకున్నాయి. రెండోది ఫోటోరెక్, పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. నల్ల తెర, తెల్ల అక్షరాలు. అది జాబితాలు చూడదు, నేరుగా ఫొటోల ఆనవాళ్ళు వెతికి పట్టుకుంటుంది. అందుకే పేర్లు, ఫోల్డర్లు రావు.

నేను డబ్బు కట్టమన్నాను. "మాస్టారూ, ఇక్కడ దోషం వాడు చెప్పింది కాదు, మన కళ్ళెదురుగా ఉంది. ఇస్తానన్నది కూడా ముందే చూపిస్తున్నాడు. ఇది కొనాల్సిందే" అన్నాను. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. "ఒకసారి మూడేళ్ళు కట్టాను చాలయ్యా. వీళ్ళంతా ఒకే తానులో ముక్కలు. ఆ ఉచితందే వెయ్యి" అన్నారు. కార్డు నేనే ఇస్తానన్నా వినలేదు.

ఫోటోరెక్ రాత్రంతా నడిచింది. ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి, వేలల్లో. ప్రతిదాని పేరూ ఎఫ్ అనే అక్షరం, వెనక ఏడు అంకెలు. ఫొటో తీసిన తేదీ ఫైలు లోపలే ఉంటుంది కనుక వాటిని ఏళ్ళ వారీగా పేర్చి ఇవ్వగలిగాను. ఎవరు ఎవరో మాత్రం ఆయనే చెప్పాలి. ఇప్పుడు రోజూ సాయంత్రం కూర్చుని ఒక్కోదానికి పేరు పెడుతున్నారు. ఆవిడ తరఫు చుట్టాల్లో కొంతమందిని గుర్తుపట్టలేక వదినగారికి ఫోన్ చేసి అడుగుతున్నారట. మొన్న వెళ్ళేసరికి 2009, అరకు దాకా వచ్చారు.