ఎనిమిది కాళ్ల చిప్పు

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లలో ఓ పాత నమ్మకం ఉంది. హార్డ్ డిస్క్ కాలిపోతే కంగారు పడక్కర్లేదట. అదే మోడల్ డిస్క్ ఇంకోటి తెచ్చి, దాని కిందున్న పచ్చ బోర్డు విప్పి దీనికి బిగిస్తే లేచి కూర్చుంటుందట. నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని. 1990లలో ఈ మాట చాలావరకు నిజమే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అలా లేచి కూర్చున్న డిస్కుల్ని కళ్లారా చూశాను. ఆ తర్వాత డిస్కులు మారిపోయాయి. నమ్మకం మాత్రం మారలేదు. ఇప్పటికీ నా దగ్గరికొచ్చే కాలిన డిస్కుల్లో కొన్నింటికి అప్పటికే ఎవరో బోర్డు మార్చేసి ఉంటారు.

అద్దంలా మెరిసే పళ్లెం మీద సమాచారాన్ని చదివే ముల్లును మేం హెడ్ అంటాం. పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటే హెడ్ దాని మీద పది నానోమీటర్ల కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంటుంది. మన తలవెంట్రుక మందం డెబ్బై, ఎనభై వేల నానోమీటర్లు. అంత సన్నటి వ్యవహారంలో ఏ రెండు హెడ్లూ ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం గట్టిగా చదువుతుంది, ఇంకోటి కొంచెం పక్కకి చూస్తుంది. అందుకని ఫ్యాక్టరీలోనే ఒక్కో డిస్కుని విడివిడిగా పరీక్షించి, ఆ హెడ్ల కొలతలన్నీ బోర్డు మీద ఎనిమిది కాళ్లుండే ఓ చిన్న చిప్పులో రాసిపెడతారు. మేం దాన్ని రామ్ చిప్ అనం, రోమ్ అంటాం. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. మీ కళ్లజోడు నాకు పెట్టి పేపరు చదవమంటే ఎలా ఉంటుందో, వేరే డిస్కు బోర్డు తెచ్చి దీనికి బిగిస్తే అలా ఉంటుంది. ఫ్రేమ్ సరిపోతుంది, అక్షరాలు కనిపించవు.

2012 వేసవిలో విజయవాడలోని మా షాపుకి ఓ పెద్దాయన వచ్చారు. తెల్ల పంచె, భుజాన సంచి. సంచిలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి హార్డ్ డిస్క్ తీశారు. వెనకాలే ఓ కుర్రాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"చీరాల నించి వచ్చాం నాయనా. తెలుగు మాస్టారిగా చేసి రిటైరయ్యాను. ఈ అబ్బాయిది డీటీపీ సెంటరు. ఇందులో నా పుస్తకం ఉంది" అన్నారు.

సంగతేమిటంటే ఆయన పద్నాలుగేళ్లుగా నేతపని మాటలు పోగేస్తున్నారు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు లాంటివి మనకీ తెలుసు. ఆయన దగ్గర మూడు వేలకు పైనే ఉన్నాయట. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో, రెండోది చేనేత మీద 1971లో వచ్చాయి. వాటి తర్వాత కూడా తన ఊరి మగ్గాల గుంటల్లో చాలా మాటలు మిగిలిపోయాయని మాస్టారి పట్టుదల. సాయంత్రాలు పేరాలలో ఇల్లిల్లూ తిరిగి, నోటుపుస్తకాల్లో రాసుకుని, ఈ కుర్రాడి చేత టైపు చేయించారు. టైపు అయ్యాక ఇంట్లో వాళ్లు ఆ నోటుపుస్తకాల్ని పాత పేపర్లతో కలిపి అమ్మేశారు. మాటలు చెప్పిన ముసలివాళ్లలో చాలామంది అప్పటికే పోయారు.

"మరి కాపీ?" అన్నాను.

"ఇదే అన్నయ్యా కాపీ" అన్నాడు కుర్రాడు. ఈ జవాబు నేను వినని వారం ఉండదు.

ఆ వీధిలో ఓ సాయంత్రం కరెంటు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగింది. న్యూట్రల్ పోతే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దాకా రావచ్చు. ఫ్యాన్లు రయ్యిమని తిరుగుతాయి, బల్బులు ఒక్కసారి దీపావళి చేసి పోతాయి. మంచి కంపెనీ పవర్ సప్లై అయితే తను చచ్చి మిగతావాటిని కాపాడుతుంది. చవకరకం అలా కాదు, పోతూ పోతూ పక్కవాళ్లని కూడా పట్టుకుపోతుంది.

నిజానికి ఇలాంటి రోజు కోసమే హార్డ్ డిస్క్ బోర్డు మీద 5 వోల్టులకొకటి, 12 వోల్టులకొకటి రెండు కాపలా డయోడ్లు ఉంటాయి. వోల్టేజీ హద్దు దాటితే అవి తమలో తాము షార్టయి, పోటు మిగతా బోర్డు మీద పడకుండా ఆపుతాయి. పోయింది అవే అయితే అదృష్టం. మల్టీమీటరుతో చూసి, చచ్చిన డయోడు ఊడబెరికితే డిస్క్ లేస్తుంది. ఇక దానికి కాపలా ఉండదు కాబట్టి వెంటనే డేటా తీసేసుకోవాలి. ఇరవై రూపాయల పనికి ఇరవై వేలు వసూలు చేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారని నాకు తెలుసు. అది వేరే కథ.

మాస్టారి డిస్కులో డయోడుతో పాటు మోటారు తిప్పే చిప్పుకి కూడా గుండుసూది తల అంత బొక్క పడింది. పైగా అంతకుముందే ఎవరో ఇంకో బోర్డు బిగించి చూశారు. డిస్క్ తిరిగిందట, లోపల టక్కు టక్కుమని కొట్టుకుందట, ఆగిపోయిందట. "ఎన్నిసార్లు పెట్టారు?" అని అడిగాను. కుర్రాడు మాట్లాడలేదు. హెడ్లు దారి తెలియక అలా కొట్టుకునే ప్రతిసారీ వాటి ఆయుష్షు కొంత తగ్గుతుంది.

కుర్రాడి అదృష్టం, పాత బోర్డు పారేయలేదు. దాని మీద ఆ ఎనిమిది కాళ్ల చిప్పు చెక్కుచెదరకుండా ఉంది.

ముందు జోడీ బోర్డు కావాలి. డిస్కు మీద స్టిక్కర్లో ఉండే మోడల్ చూసి కొంటే కుదరదు, బోర్డు మీద అచ్చయిన నంబరు చివరి అంకె దాకా కలవాలి. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు ఉంది కదా, సీటీసీ అంటే అందరికీ తెలుస్తుంది. అక్కడి స్నేహితుడు రెండు రోజులు వెతికి, పళ్లెం చెడిపోయి మూలపడిన డిస్కు ఒకదాన్నుంచి బోర్డు తీసి బస్సు పార్శిల్లో పంపాడు.

చిప్పు మార్చడం చూసేవాళ్లకి విసుగు, చేసేవాడికి చెమట. వేడిగాలి ఎక్కువైతే లోపల రాసినవి పోతాయి, తక్కువైతే లాగినప్పుడు బోర్డు మీది రాగి లేచిపోతుంది. ముందు దాన్ని ఊడదీసి ప్రోగ్రామరులో పెట్టి లోపలున్నదంతా ఒక ఫైలుగా దాచాను, ఆ తర్వాతే కొత్త బోర్డుకి టంకం పెట్టాను. ఈ వరస తప్పకూడదు. చిప్పు పోతే ఆ ఫైలుతో ఇంకోటి రాసుకోవచ్చు, ఫైలు కూడా లేకపోతే దేవుడే దిక్కు. ఇంకో చిన్న సంగతి. సముద్రానికి దగ్గరి ఊళ్ల నుంచి వచ్చే డిస్కుల బోర్డులు విప్పి చూస్తే, హెడ్లకి తగిలే చోట రాగి నల్లబడి ఉంటుంది. పిల్లలు పెన్సిలు చెరుపుకునే రబ్బరుతో రుద్దితే మెరుస్తుంది. రెండు రూపాయల ఆ రబ్బరు మా షాపులో లక్ష రూపాయల పరికరాల పక్కనే ఉంటుంది.

బిగించి కరెంటిచ్చాను. డిస్క్ సాఫీగా తిరిగింది. టక్కు టక్కు లేదు. మాస్టారు నా మొహంలోకి చూస్తున్నారు. కంప్యూటరు మాత్రం డిస్కు పేరు తప్పుగా చూపించింది, సామర్థ్యం సున్నా అంది. తన అసలు పేరు బదులు ఫ్యాక్టరీలో పెట్టిన ముద్దుపేరు చెబుతోంది. బోర్డు బాగుపడింది, ఫర్మ్‌వేర్ పడిపోయింది.

ఫర్మ్‌వేర్ అంటే డిస్కు తనని తాను నడుపుకునే ప్రోగ్రామ్. దాన్లో కొంత భాగమే బోర్డు మీద ఉంటుంది. ఎక్కువ భాగం పళ్లెం మీదే, మనకెప్పుడూ కనిపించని ట్రాకుల్లో ఉంటుంది. వాటికి నంబర్లు కూడా మైనస్‌లో ఉంటాయి. మచ్చలేకుండా పుట్టే డిస్కు లేదు. పుట్టుకతో ఉన్న మచ్చల జాబితా ఒకటి, వాడకంలో వచ్చిన మచ్చల జాబితా ఇంకోటి, వాటిని తప్పించుకుంటూ ఏ సమాచారం ఎక్కడుందో లెక్కగట్టే పట్టిక మరోటి, ఇవన్నీ అక్కడే. ఊళ్లో ఇళ్లన్నీ ఉండి, రాత్రికి రాత్రి డోర్ నంబర్లన్నీ చెరిపేస్తే పోస్ట్‌మాన్ గతేమిటి? ఆ పట్టిక చెడితే డిస్కు గతి అంతే. వోల్టేజీ పోటు వచ్చిన క్షణానికి డిస్కు తన లెక్కలు తాను రాసుకుంటూ ఉండి ఉంటుందని, ఆ రాత మధ్యలో తెగిపోయిందని మా అంచనా.

ఒక్క దెబ్బా తగలకుండా ఫర్మ్‌వేర్ ఒక్కటే పడిపోయే కేసులూ ఉన్నాయి. 2009 జనవరిలో ప్రపంచమంతా గోలెత్తింది. సీగేట్ వారి బర్రకుడా 7200.11 డిస్కులు బాగానే ఉండి, ఒకరోజు కంప్యూటరు ఆన్ చేయగానే మాయమైపోయేవి. తను రాసుకునే లాగ్‌లో లెక్క 320 దగ్గర ఉండగా కరెంటు తీస్తే, మళ్లీ ఇచ్చినప్పుడు డిస్కు అక్కడే చిక్కుకుపోతుంది. కంపెనీ ఒప్పుకుని కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. అప్పటికే చిక్కుకుపోయిన వాటిని ఊరూరా కుర్రాళ్లు లేపారు. నోకియా ఫోన్ల డేటా కేబులు కోసి, అందులోని మూడు తీగలు డిస్కు వెనక పిన్నులకి తగిలించి, నాలుగైదు ఆజ్ఞలు టైపు చేసేవారు. నా వరకు ఈ పనిలో అంత ముచ్చటైన రోజులు మళ్లీ రాలేదు.

మాస్టారి డిస్కు ఆ రకం కాదు. దీనికి రష్యాలో తయారయ్యే పీసీ-3000 అనే పరికరం కావాలి. అప్పట్లో దాని ధరతో మా వీధిలో చిన్న షాపు తెరవచ్చు. హైదరాబాదులో మరో స్నేహితుడి దగ్గర ఉంది. రాత్రి బస్సుకి బయల్దేరుతుంటే మాస్టారు సంచితో తయారయ్యారు.

"మీరెందుకండీ, నేను తీసుకెళతాగా" అన్నాను.

"నేను ఊరుకున్నా నిద్ర ఊరుకోదు నాయనా" అన్నారు. తువ్వాల్లో చుట్టిన డిస్కు తెల్లవార్లూ ఆయన ఒళ్లోనే ఉంది. నకిరేకల్ దాటే దాకా నాకు గుంట మగ్గం భాగాలు పాఠం చెప్పారు.

స్నేహితుడు మొదట ఏ మరమ్మతూ చేయలేదు. పళ్లెం మీది ఫర్మ్‌వేర్ భాగాలన్నీ చదివినంతవరకు కాపీ తీసి దాచాడు. మేం ఆ భాగాల్ని మాడ్యూళ్లు అంటాం. తర్వాత ఒక్కోదాని లెక్క సరిచూస్తే, తప్పనిసరిగా ఉండాల్సిన ఒకటి చెడిపోయి ఉంది. ఈ రకం డిస్కుల్లో తయారుచేసినవాళ్లు ఓ మేలు చేశారు. ముఖ్యమైన ప్రతి మాడ్యూలూ రెండు చోట్ల రాస్తారు, ఒక్కో హెడ్ కింద ఒకటి. రెండో ప్రతి తెరిచి చూశాడు. బాగుంది. దాన్ని మొదటి ప్రతి మీద రాసి, కరెంటు తీసి మళ్లీ ఇచ్చాడు. డిస్కు తన అసలు పేరు చెప్పింది, 500 జీబీ అంది. రాయడం ఒక నిమిషం. అక్కడిదాకా రావడానికి తొమ్మిది రోజులు.

డిస్కు లేచింది కదా అని ఫైళ్లు తెరిచి చూసుకోకూడదు. ముందు సెక్టారు తర్వాత సెక్టారుగా మొత్తం ఇంకో డిస్కులోకి దించాలి. దెబ్బతిన్న హెడ్ ఒకటి మొరాయించింది. మిగతావి ముందు చదివించి, దాన్ని చివరికి పెట్టాం. రెండు రాత్రులు పట్టింది.

మూడో రోజు ఉదయం మాస్టారిని కూర్చోబెట్టి పేజ్‌మేకర్ ఫైలొకటి తెరిచాను. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలర్లు, కొమ్ములు, తోకలు. ఆయన మొహం వాడిపోయింది. "ఇది నాది కాదు నాయనా" అన్నారు. ఆ కంప్యూటర్లో అను ఫాంట్లు లేవు, అంతే. ఫాంట్లు వేసి మళ్లీ తెరిచేసరికి మొదటి పేజీలో "అచ్చు" అనే మాట వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. వెంటనే రెండో లైన్లో అచ్చుతప్పు పట్టుకుని కుర్రాడికి ఫోన్ చేసి తిట్టారు.

నూట అరవై నాలుగు ఫైళ్లలో పదకొండు తెరుచుకోలేదు. ఆ మొరాయించిన హెడ్ కింద ఉన్నవి. రెండుసార్లు ప్రయత్నించి ఆపేశాం. ఇంకా గట్టిగా అడిగితే వచ్చినవి కూడా అనుమానమే. అందులో ఎక్కువ భాగం గంజి పని మాటలు. తెల్లవారకముందే వీధిలో బారుగా పడుగు చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వే పని. అది చేసేవాళ్లు తగ్గిపోయారని, మాటలు చెప్పినవాళ్లలో ఇద్దరే మిగిలి ఉన్నారని మాస్టారు అన్నారు. డేటాని రెండు కొత్త డిస్కుల్లో వేసి ఇచ్చి, ఒకటి వేరే ఊళ్లో ఉంచమని చెప్పాను.

ఇప్పుడీ పని ఇంకా కష్టమైంది. బయట తగిలించుకునే డిస్కులు కొన్నిటికి యూఎస్‌బీ సాకెట్టు బోర్డుకే అతికి ఉంటుంది. మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా లోపల రాసేది గుప్తభాషలో రాస్తాయి. ఎస్‌ఎస్‌డీల్లో పళ్లెమూ లేదు, హెడ్డూ లేదు. చెరిపేసిన ఫైలు చాలాసార్లు అప్పుడే నిజంగా పోతుంది. అయినా కాపీ అడిగితే "ఇదే అన్నయ్యా" అనేవాళ్లు ఏమాత్రం తగ్గలేదు.

నెల తర్వాత మాస్టారు ఫోన్ చేశారు. మళ్లీ పేరాల వీధులు పట్టి తిరుగుతున్నారట. పోయిన పదకొండులో ఎనిమిది ఫైళ్ల మాటలు దొరికాయట. రెండు మూడు మాటలకి మాత్రం ఇంటికో అర్థం చెబుతున్నారట. "అన్నీ రాసేస్తున్నాను, ఎవరిది తప్పో తేల్చడానికి నేనెవర్ని?" అన్నారు.

రెండో డిస్కు ఎక్కడ పెట్టారని అడిగాను. గుంటూరులో అమ్మాయి ఇంట్లో, బీరువాలో ఉందన్నారు.