13 లక్షల గుళ్ళు, చెప్పని లెక్కలు

2016 జూలై 8న హిజ్బుల్ కమాండర్ బుర్హాన్ వానీ ఎన్‌కౌంటర్‌లో మరణించాక కశ్మీర్ లోయ అట్టుడికిపోయింది. తరువాతి 32 రోజుల్లో తమ బలగాలు నిరసనకారులపై సుమారు 13 లక్షల పెల్లెట్లు ప్రయోగించాయని సీఆర్పీఎఫ్ హైకోర్టుకు అఫిడవిట్‌లో తెలిపింది. ఆ సంఖ్యను చూసి నివ్వెరపోయినవారు ఎందరో ఉన్నారు. అది వెలికివచ్చిన తీరును గమనించినవారు తక్కువ. కశ్మీర్ హైకోర్టు న్యాయవాదుల సంఘం వేసిన వ్యాజ్యానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది గనుకనే ఆ లెక్క బయటపడింది. అదైనా ఒక్క కేంద్ర బలగం లెక్క మాత్రమే. అవే తుపాకులు వాడిన జమ్మూకశ్మీర్ పోలీసుల వాటా అందులో లేదు.

పెల్లెట్ గన్ అనే పేరు వింటే ఆటబొమ్మ స్ఫురిస్తుంది. నిజానికది వేటకు వాడే రకం పంప్ యాక్షన్ షాట్‌గన్. ఒక్కో తూటాలో 450 దాకా లోహపు గుళ్ళుంటాయి. గొట్టం దాటగానే అవి విచ్చుకుంటాయి. దూరం పెరిగేకొద్దీ మరింత చెదిరిపోతాయి. నడుము కిందికే కాల్చాలని నియమం ఉన్నది. విచ్చుకున్న గుళ్ళకు నడుమేదో, కన్నేదో తెలియదు. రాయి విసిరినవాడికీ, కిటికీలోంచి తొంగిచూసినవాడికీ అవి తేడా పాటించవు. 2018 నవంబరులో షోపియాన్‌లో, ఇంట్లో తల్లి చెంతనున్న రెండేళ్ళైనా నిండని పసిపాప కంట్లోకి పెల్లెట్ దూసుకుపోయింది.

ప్రభుత్వ పక్షాన ఒక వాదన ఉన్నది. దాన్ని తేలికగా కొట్టిపారేయలేము. 2010 నాటి అల్లర్లలో నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాదే, రైఫిల్‌కు ప్రత్యామ్నాయంగా, ప్రాణాలు తీయని ఆయుధంగా పెల్లెట్ గన్‌ను కశ్మీర్‌లో ప్రవేశపెట్టారు. దీన్ని ఉపసంహరిస్తే గత్యంతరం లేక తూటాలు పేల్చవలసి వస్తుందని, మరణాలు పెరుగుతాయని సీఆర్పీఎఫ్ కోర్టుకు విన్నవించింది. రాళ్ళవానకు ఎదురు నిలిచిన జవానుదీ ప్రాణమే.

కానీ ఈ వాదన ఒక మానవ స్వభావాన్ని మరచిపోతున్నది. రైఫిల్ పేల్చబోయే చెయ్యి ఒక్క క్షణమైనా తటపటాయిస్తుంది. ‘దీనితో చావడులే’ అనుకున్న ఆయుధం దగ్గర ఆ తటపటాయింపు కరిగిపోతుంది. చంపదన్న నమ్మకమే దాన్ని విచ్చలవిడిగా వాడటానికి అనుమతిపత్రమవుతుంది. 32 రోజుల్లో 13 లక్షల గుళ్ళు అలా పేలినవే. ఆంధ్రప్రదేశ్ కేడర్ నుంచి వెళ్ళి ఆనాడు సీఆర్పీఎఫ్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న కె. దుర్గాప్రసాద్ సైతం పెల్లెట్ గాయాల పట్ల విచారం వెలిబుచ్చారు. హోంశాఖ నియమించిన నిపుణుల కమిటీ సూచనపై మిరప ఘాటుతో పనిచేసే ‘పావా’ గోళాలు వచ్చాయి. పెల్లెట్ గన్లు మాత్రం పోలేదు. లోహపు పెల్లెట్లను ఎన్నడూ వాడరాదని 2020లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అదే ఏడాది మార్చిలో హైకోర్టు న్యాయవాదుల వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

అంతకుముందే, 2016 సెప్టెంబరులో, ఈ తుపాకులను నిషేధించడానికి అదే కోర్టు నిరాకరించింది. ఎప్పుడు, ఎంత బలం ప్రయోగించాలన్నది ఘటనాస్థలంలోని అధికారులే నిర్ణయించుకోవాలన్నది. ఆ క్షణపు నిర్ణయం వారిదే కావచ్చు. దానిపై తరువాత జరగవలసిన విచారణ కూడా వారిదేనా? సరిగ్గా పదేళ్ళ ముందు, 2006 సెప్టెంబరు 22న, ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. ప్రతి రాష్ట్రంలోనూ భద్రతా కమిషన్, ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఏర్పాటు చేయాలని ఆదేశించింది. రాష్ట్రాలు వాటిని కాగితాలపై నీరుగార్చి, అధికారుల చేతికే తిరిగి అప్పగించాయి.

ఇది కశ్మీర్‌కే పరిమితమైన గొడవ అనుకున్నవారికి 2024 ఫిబ్రవరిలో శంభూ సరిహద్దు కళ్ళు తెరిపించింది. ఢిల్లీకి బయలుదేరిన రైతులపై హర్యానా పోలీసులు డ్రోన్ల నుంచి బాష్పవాయు గోళాలు జారవిడిచారు. తమ భూభాగంలోకి డ్రోన్లు పంపవద్దని పంజాబ్ అధికారులు అభ్యంతరం చెప్పారు. ఒక రాష్ట్ర పోలీసు ఆయుధం మరో రాష్ట్రపు గగనతలంలో తిరిగిందన్నదే ఆ అభ్యంతరం.

పోలీసు బలగాల ఆధునికీకరణకు 2022లో కేంద్రం 26,275 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఆ డబ్బుతో కొన్నదానికి బిల్లులుంటాయి, ఆడిట్ ఉంటుంది. పేల్చినదానికి అవేవీ లేవు. ఎవరి ఆజ్ఞపై, ఎంత దూరం నుంచి, ఎన్ని తూటాలు పేల్చారు, ఎవరికి తగిలాయి, ఎందరికి చూపు పోయింది అన్న వివరాలను ఏటా శాసనసభ ముందు పెట్టడానికి కొత్త ఆయుధమేమీ అక్కరలేదు, ఒక రిజిస్టరు చాలు. కోర్టు అడిగేసరికి 13 లక్షలని చెప్పగలిగారంటే ఆ రిజిస్టరు ఇప్పటికే ఉన్నదన్నమాట. దాన్ని ప్రజల ముందు తెరవమనడమే మిగిలింది.