తాతగారి పటాలపు చీట్లు

మన యిండ్లలో తద్దినమునాడు మూడు తరముల పేర్లు చెప్పుదుము. నాలుగవ తరమువాని పేరడిగినచో పలువురము తెల్లబోవుదుము. అమెరికా దక్షిణరాష్ట్రములలో ననేకు లిట్లూరకుండరు. 1861 మొదలు 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధములో తమ పూర్వు డే పటాలములో నుండెనో, ఎచ్చట గాయపడెనో, ఎప్పు డిల్లు చేరెనో వెదకి తెలిసికొనుట వారికి గొప్ప వ్యాసంగము.

మాయొద్ద చదువుకొనిన బాలిక యొకతె జార్జియా రాష్ట్రమున నుద్యోగము చేయుచు నచ్చటివానినే పెండ్లాడినది. ఆమె యత్తగారి తాతకు తాత దక్షిణపక్షపు దండులో సిపాయి. బంధువులందఱు కూడు వేసవి విందునాటి కాయనను గూర్చి చిన్నపుస్తక మచ్చువేయింపదలచి, కాగితములు సమకూర్చు పనిని అత్తగారు కోడలి కప్పగించిరి. తాటియాకు గ్రంథములపై మాకు గల పిచ్చి నెఱిగినది గావున ఆ పిల్ల "మాస్టారూ, ఈ వ్రాతలు మీరుకూడ చూడవలెను" అని యొక్కొక్క కాగితపు ఛాయను మాకు పంపసాగెను. సెలవులలో సగము మా కిదియే పనియైనది.

ఓడినవారి దస్తరమును గెలిచినవారు భద్రపఱచుట వింతగా తోచును. 1865 ఏప్రిలు నెలలో రిచ్మండు నగరమును విడిచి పాఱిపోవునపుడు దక్షిణప్రభుత్వమువారి కాగితములు కొన్ని కాలిపోయినవి. కొన్ని ఉత్తర కారొలీనాలోని షార్లెటునకు చేరినవి. అచ్చట శామ్యూలు కూపరను సేనాని వానిని పాడుచేయక శత్రువుల కప్పగించెను. 1903 మొదలుకొని వాషింగ్టనులోని యుద్ధశాఖ గుమాస్తాలు హాజరుపట్టీలను, ఆసుపత్రి పుస్తకములను, ఖైదీల జాబితాలను ముందిడుకొని, పేరు కనబడిన చోటనెల్ల నొక చీటి యెత్తివ్రాసి, ఒక్కొక్క సిపాయి చీట్లను ఒక్కొక్క కవరులో నుంచిరి. ఎంత యోపిక! ఆ కవరుల ఛాయలను నేడు ఇంట గూర్చుండియే చూడవచ్చును.

పేరొక్కటి తెలిసిన చాలదు. ఒకే పేరు పదిమందికుండును. ఒక్కని పేరునే గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు మూడు విధముల వ్రాసియుందురు. పటాలపు సంఖ్యయు, అందలి దళపు అక్షరమును తెలిసిననే దారి దొరకును. దళములను తఱచుగా నొక్క కౌంటీవారితోనే నింపిరి గావున, 1860 నాటి జనాభాలెక్కలో ప్రక్కయిండ్లవారిగా నున్నవారి పేర్లే దళములోను గనబడినచో మనవాడు వీడే యని నమ్మవచ్చును. దళముల యక్షరములలో 'జె' యుండదు. చేవ్రాతలో 'ఐ'తో గలసిపోవును గదా! వకారమో పకారమో తేలక తాటియాకులతో కుస్తీపట్టిన మాకు ఈ ముందుచూపు ముచ్చట గొలిపినది.

మన సిపాయి జార్జియా 42వ పదాతి పటాలమువాడు. 1862 మార్చిలో చేరెను. జీతము నెలకు 11 డాలర్లు. రెండునెలల కొకసారి హాజరు. ఒక చీటిలో "ఉన్నాడు", మఱొకదానిలో "లేడు, జబ్బు, ఆసుపత్రి", మరల "ఉన్నాడు". 1863 జూలై 4వ తేదిని విక్స్‌బర్గు లొంగిపోయినపుడు చిక్కిన సుమారు 29,000 మందిలో నీయన యొకడు. ఖైదీల మార్పిడి జరుగువఱకు ఆయుధము పట్టనని ముచ్చిలిక వ్రాయించుకొని విడిచిపుచ్చిరి. ఆ ముచ్చిలికయు కవరులో నున్నది. తక్కిన చీట్లన్నియు గుమాస్తాల చేతివి. దీని యడుగున నున్న వంకరటింకర చేవ్రాలు మాత్రము ఆయనది. దానిని మేము చాలసేపు చూచితిమి.

కడపటి చీటి 1864 ఆగస్టు చివరిది: "సెలవు లేకుండ పోయినాడు."

అత్తగారి కిది పిడుగుపాటైనది. తాతగారు కడవఱకు పోరాడెనని ఆమె చిన్ననాటనుండి విన్న కథ. ఆ చీటి నచ్చువేయ వలదనిరి. మాకు మాత్రము దానియం దపకీర్తి యేమియు తోపలేదు. అప్పటికి యుద్ధము అట్లాంటా చుట్టును, అనగా ఆయన పొలము గట్టువఱకును వచ్చినది. పెండ్లాము బిడ్డలు బ్రతికియుండిరో లేదో చూచుకొనబోయిన కాపును తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

మా మనస్సును పట్టినది వేఱొక కాగితము. 1860 నాటి లెక్కలో బానిసలకు వేఱుపట్టిక కలదు. అందు యజమాని పేరుండును. బానిసకు వయస్సు, ఆడో మగో, మేనిరంగు, ఇంతమాత్రమే. జార్జియాలో నట్టివారు 4,62,198 మంది. సిపాయి తండ్రి పేరు క్రింద ముగ్గురు: పందొమ్మిదేండ్ల పురుషుడు, ఇరువదినాలుగేండ్ల స్త్రీ, మూడేండ్ల పిల్ల. యుద్ధకాలమున దక్షిణప్రభుత్వమువారు కందకములు త్రవ్వుటకు బానిసలను బాడుగకు పుచ్చుకొని, కూలి యజమానుల కిచ్చిరి. ఆ బట్వాడాపట్టీలు సుమారు 6,000 మిగిలియున్నవి. వానిలో వెదకగా సిపాయి తండ్రి పేరును, దాని కెదురుగా పనివాని పేరును దొరకినవి: జార్జి. ఇంటిపేరు లేదు. కూలి ముట్టినట్లు చేవ్రాలు యజమానిది.

అత్తగారు ఈ పట్టీని చూచి "ఆ కాల మట్లుండెను" అని పుట త్రిప్పిరట. కొడుకు సెలవులేక పోయినందుకు రెండురాత్రులు నిద్రపోనివారు! అయినను మనము నవ్వనక్కఱలేదు. మా తాతగారి లెక్కలపుస్తకములో ఎద్దుల పేర్లు సహితము కలవు. పాలేళ్లు మాత్రము పెద్దపాలేరు, చిన్నపాలేరు.

ఏమి చేయుదునని అమ్మాయి యడిగినది. రెండు కాగితములును అచ్చువేయవలసినదే యనియు, ముందుగా జార్జిని 1870 నాటి లెక్కలో వెదకుమనియు వ్రాసితిమి. విడుదలపొందిన నల్లజాతివారి నందఱిని పేరుపేరున వ్రాసిన మొదటి లెక్క యదియే. వెదకెను. ఆ కౌంటీలోనే ఇరువదితొమ్మిదేండ్ల జార్జి, పొలముకూలి, భార్య, ఇద్దఱు బిడ్డలు. ఇంటిపేరు అత్తగారి పుట్టింటివారిదే. విడుదలయైనవా రందఱును యజమాని పేరే పెట్టుకొనలేదు గావున, ఇంతమాత్రముచే వీడే యతడని చెప్పరాదని మేము జాగ్రత్తగా వ్రాసితిమి.

అత్తగా రాయింటిపేరు చూచి చాలసేపు మాటలాడలేదట. తరువాత కోడలితో, తమ యూరి తపాలాకచేరిలో ఆ యింటిపేరు గల నల్లజాతి యాతడు పనిచేయుచుండెననియు, ఆయన మనకేమగునని తానడుగగా తండ్రి "ఏమియు కాడు" అనెననియు చెప్పిరట.

పుస్తకము విందునాటికి సిద్ధముకాలేదు. ఆపినది అత్తగారే. పన్నుపట్టీలు చూచుటకు మారోలోని రాష్ట్రదస్తరశాలకు కోడలితో తామే పోవుచున్నారు. మొన్న మాకు వచ్చిన ఛాయ 1866 నాటి కూలియొడంబడిక. జార్జి యను పేరు ప్రక్క వ్రేలుగుర్తు వలె నొక గుణకారపు గీటు. వయస్సు వ్రాసినచోట సిరా చెదరినది. పందొమ్మిదో, ఇరువదియైదో ఇంకను తేల్చుకొనలేకున్నాము.